తోమె వీపు మీద రెండు రంగులు

పోయిన వారం ఎక్కడ ఆపానో ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను, చేతిలో సిరాబుడ్డితో. మోరిహికో గారు మా రోగి తోమె వీపును టేపుతో కొలిచి, గోడకున్న సూదిపోట్ల మనిషి బొమ్మతో పోల్చి చూసి, "ఈ చుక్కలు అత్తయ్య పెట్టించినవి కావు. మంగళవారం అందరి ముందే తేలుద్దాం" అన్నారు. టేపు చుట్టి జేబులో వేసుకున్నారు. ఆ మంగళవారం వచ్చేసింది. ఒకయామాలోని సూదివైద్యం బడికి నేను పంపుకోవలసిన దరఖాస్తు నా నడికట్టులో మడిచి ఉంది. దాని మీద గురువమ్మ ముద్ర పడాలి. శనివారంతో గడువు సరి. ముద్ర పడకపోతే నేను మళ్ళీ కొండ మీది మా ఊరికి, ముల్లంగి చేలకు.

కొత్తగా చదివేవారికి రెండు మాటలు చెప్పాలి. మా గురువమ్మ హిసానో గారికి చూపు లేదు. మూడో ఏట తట్టు పోసి కళ్ళు పోయాయి. తొమ్మిదో ఏట అంధుల బడిలో వేశారు. అక్కడ తొట్టి నీళ్ళలో వంకాయను వదిలి, అది మునగకుండా, పక్కకు ఒరగకుండా సూది దింపమనేవారట. తర్వాత తవుడు మూట మీద. ఆ తర్వాత మూడేళ్ళు సొంత తొడ మీదే. ఇప్పుడు కుజిమా రేవులో ముప్పై ఏళ్ళ వైద్యం ఆమెది. ఆల్చిప్పలు ఒలిచే షెడ్లలో చలికాలమంతా నిలబడే ఆడవాళ్ళ నడుములన్నీ ఆమె వేళ్ళ కిందికి వచ్చినవే.

ఆమె వేలితో వీపు మీద ఒక చోట నొక్కి పట్టుకుంటారు. నేను కుంచెతో అక్కడ నల్లసిరా చుక్క పెడతాను. రోగి ఇంటికి వెళ్ళాక ఆ చుక్కల మీద రోజూ మాచిపత్రి ఆకు నలిపి తీసిన దూది బియ్యపుగింజంత పెట్టి, అగరొత్తితో అంటించి కాల్చాలి. కోడలో, కూతురో, మొగుడో ఎవరో ఒకరు ఆ పని చేస్తారు. సూదిపోటు గురువమ్మ చేతిలో అయిపోతుంది. చుక్క మాత్రం రోగితో ఇంటికి వెళ్తుంది. అందుకే మా విద్యలో చుక్క తప్పితే అంతా తప్పినట్టే.

మోరిహికో గారు గురువమ్మ తమ్ముడి కొడుకు. అమెరికాలో నేర్చుకుని వచ్చిన ఒక పెద్దాయన దగ్గర ఒసాకాలో నాలుగేళ్ళు వెన్నుపూసలు సరిచేసే విద్య చదివారు. కైరోప్రాక్టిక్ అని దాని పేరు. రేవులో ఎవరికీ నోరు తిరగక టకటక వైద్యం అంటారు. ఆయన వచ్చిన రోజే చెక్కపెట్టెలోంచి సున్నపుముద్దతో చేసిన వెన్నెముకను తీసి గదిలో వేలాడదీశారు. టెలిఫోను డైరెక్టరీ కాగితాల కింద వెంట్రుక పెట్టి వేలితో వెతికే పాఠం గురువమ్మలాగే తనకూ ఉండేదనీ, పద్నాలుగు కాగితాల దాకా వెళ్ళాననీ చెప్పారు. "నేను ఇరవై రెండు" అన్నారు గురువమ్మ. ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

మంగళవారం పొద్దున పది గంటలకే గది నిండిపోయింది. తలగుడ్డలు విప్పకుండానే వచ్చేశారు ఆడవాళ్ళు. ఉప్పునీళ్ళ వాసన, తడి రబ్బరు వాసన. షెడ్డులో తోమె పక్కనే నిలబడి ఒలిచే రికు ముందు వరసలో చోటు పట్టింది.

"ఏం బాబూ, పెట్టెలోంచి వచ్చిన మీ పెద్దమనిషి ఇంకా లేవలేదా?" అంది వెన్నెముకకేసి గడ్డం చూపిస్తూ.

"ఆయనకు తలకాయ లేదు గదా, మేల్కొన్నా తెలీదు" అంది ఇంకొకామె.

"తలకాయ లేని మగాడైతే మా ఇంట్లోనే ఉన్నాడు" అంది రికు.

మోరిహికో గారు నవ్వలేదు. తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ, "తోమెగారూ, పడుకోండి" అన్నారు.

తోమెకు అరవై మూడేళ్ళు. పైబట్ట విప్పి చాప మీద బోర్లా పడుకుంటూ, "నా వీపేమన్నా రేవు పటమా, వచ్చినోళ్ళందరూ కొలుస్తారు" అని గొణిగింది. నడుము దగ్గర రెండు, పిరుదుల పైన రెండు, భుజాల మధ్య రెండు, మొత్తం ఆరు నల్లచుక్కలు. మూడు నెలలుగా రోజూ కాల్చినందువల్ల ఒక్కో చుక్క కింద కందిగింజంత మచ్చ గట్టిపడి పైకి లేచి ఉంది.

"కినుయె అవతల నిలబడాలి. ఎవరూ మాట్లాడొద్దు" అన్నారు మోరిహికో గారు నాకేసి చూస్తూ. గురువమ్మ ముద్ర పెట్టె తెరిచి, అందులో ఉండే ఎర్రముద్దలో అగ్గిపుల్ల ముంచారు. "అత్తయ్యా, ఈమెకు చుక్కలెక్కడ పెట్టాలో మొదటినుంచీ చూడు. నువ్వు నొక్కిన చోట నేను ఎర్రచుక్క పెడతాను. రెండూ కలిస్తే ఈ పిల్ల కాళ్ళకు నేను దణ్ణం పెడతాను."

"పెట్టకుండా తప్పించుకోకు మరి" అన్నారు గురువమ్మ. చేతులు రెండూ రుద్దుకుని, వేడి చేసుకుని, మోకాళ్ళ మీద జరిగి వచ్చారు.

నేను తెర పక్కన నిలబడి చూశాను. ఆమె ఎడమచేయి తోమె తుంటిఎముక అంచు పట్టుకుంది. కుడిచేతి చూపుడువేలు వెన్నుపూసలు లెక్కపెట్టుకుంటూ పైకి నడిచింది. నడక అదే. ముప్పై ఏళ్ళ నడక, తొందర లేదు, తడబాటు లేదు. ఒకటి, రెండు, మూడు. అక్కడినుంచి పక్కకు తిరిగి, గట్టిపడిన మచ్చ మీదికి వచ్చింది.

మచ్చ మీదినుంచి దాటిపోయింది.

చంటిపిల్ల వేలైనా ఆగే చోటది. ఆమె వేలు ఆగలేదు. వేలెడు దూరం పోయి, ఏమీ లేని మెత్తటి చోట నిలబడి నొక్కింది.

"ఇక్కడ" అన్నారు.

మోరిహికో గారి అగ్గిపుల్ల గాలిలో ఆగిపోయింది. ఆయన మచ్చను చూశారు, వేలిని చూశారు. తల ఎత్తి నాకేసి చూశారు. పద్నాలుగు కాగితాల కింద వెంట్రుకను పట్టిన మనిషికి అది అర్థం కాకుండా ఎలా ఉంటుంది. నేను కళ్ళు దించుకున్నాను. కళ్ళు దించుకోవడం నాకు మొదటినుంచీ అలవాటే. ఆయన పుల్ల దించి ఎర్రచుక్క పెట్టారు. తర్వాత రెండోది. మూడోది. ఆరూ పూర్తయ్యేసరికి తోమె వీపు మీద నల్లవాటి పక్కన ఎర్రవి, ఒక్కటీ కలవకుండా నిలిచాయి.

ఆడవాళ్ళు మెడలు సాచారు.

"వేలెడు దూరం ఉందే" అంది రికు.

"అన్నీ ఒక పక్కకే పోయాయి."

"అయితే ఇన్నాళ్ళూ మనం కాల్చుకుంది ఈ పిల్ల బుద్ధికి తోచిన చోటనా?"

తోమె తల పక్కకు తిప్పి ఏదో అనబోయింది. ఈలోగా మోరిహికో గారే అందుకున్నారు. "అత్తయ్యా, ఒక్కటీ కలవలేదు."

గురువమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. కుంపటి మీద కెటిల్ మూత టపటప కొట్టుకుంటోంది.

"కినుయే."

"ఊఁ."

"నేను నొక్కిన చోటే చుక్క పెట్టావా?"

నా నోటుపుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో రాసి ఉంది. పోయిన ఏడాది నవంబరు పదకొండున. ఆ రోజు ఆమె అగరొత్తి పట్టుకుని షెడ్డు వాళ్ళ కబుర్లేవో చెబుతున్నారు. ఒత్తి చివరిదాకా కాలి ఆమె రెండు వేళ్ళ మధ్యే ఆరింది. ఆమె మాట ఆపలేదు. మాచిపత్రి పొగలో కూడా కాలిన చర్మం వాసన నాకు వేరుగా తెలిసింది. ఆ వారం ఆమె నొక్కిన చోటే చుక్కలు పెట్టాను. తోమె తర్వాతి వారం ఇద్దరి భుజాల మీద వాలి వచ్చింది. అప్పుడు మొదటిసారి చుక్కను జరిపాను. నా వేలికి ఎక్కడ లోతు తగిలిందో అక్కడికి. తోమె వారం తిరిగేసరికి సైకిలు తోసుకుంటూ వచ్చింది. ఆ తర్వాత అందరివీ జరిపాను. అడిగినవాళ్ళు లేరు. చెప్పే నోరు నాకూ లేదు.

ఇప్పుడు నిజం చెబితే, సాయంత్రానికి ఈ గది ఖాళీ అవుతుంది. వేళ్ళు చచ్చిపోయిన గుడ్డి మనిషి దగ్గరికి వీపు అప్పగించడానికి ఎవరొస్తారు.

"లేదు" అన్నాను. "నేనే జరిపాను."

"ఎందుకు?"

తెర అంచును వేలితో చుట్టుకుంటూ నిలబడ్డాను.

"ఎందుకంటే ఏం చెబుద్ది పాపం" అంది వెనకనుంచి ఎవరో. "నాలుగు సూదులు చూసేసరికి తానే గురువమ్మ అనుకునుంటది."

"కొండపిల్లలకు పొగరు ఎక్కువ. నోరు లేనట్టుంటారు గాని."

గురువమ్మ చెయ్యి ఎత్తారు. అందరూ ఆగారు.

"గురువు నొక్కని చోట సిరా పెట్టిన శిష్యురాలికి నా ముద్ర లేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. వంటకు ఏం కావాలో చెప్పినట్టు చెప్పారు. "బడి మాట ఇక ఎత్తకు. కుంచె కడిగి లోపల పెట్టు."

కుంచె కడిగాను. నీళ్ళు చాలాసేపు నల్లగా పోతూనే ఉన్నాయి.

వాళ్ళంతా వెళ్ళిపోతుంటే గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ కూర్చున్నాను. ఒకరిద్దరు నా చేతిలోంచి అందుకోకుండా వాళ్ళే వంగి తీసుకున్నారు. చివర తోమె వచ్చింది. నా పక్కనే మెట్టు మీద కూలబడి, చెక్కచెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు తల వంచింది.

"పిల్లా, నా వీపుకు కళ్ళు లేవు గాని మతి ఉంది. నల్లవే నావి."

"అక్కడ చెప్పలేదేం?" అన్నాను. అంత మాట నా నోటినుంచి వచ్చిందని నాకే వింతగా ఉంది.

"చెబితే ఆవిడేమైపోద్ది? నాకు మొదటి కాన్పులో కాళ్ళు చచ్చుపడితే లేపి నడిపించిన చెయ్యది." పట్టీ లాగి బిగించింది. "నువ్వు కుర్రదానివి, ఎట్టాగో బతుకుతావు."

అందరూ అదే అనుకుంటారు.

"మరి నా కోడలికి ఏ చుక్క మీద కాల్చమని చెప్పను?"

"నల్లవాటి మీద."

"ఎర్రవి స్నానంలో పోతాయిలే" అంది. కండువా కొసకు కట్టుకొచ్చిన ఆల్చిప్పల మూట నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ముద్రకు బదులు ఆరు ఆల్చిప్పలు.

మధ్యాహ్నం మోరిహికో గారు కోటు విప్పి, పైన మామూలు చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు. నేను ఆల్చిప్పలను ఒలిచి బియ్యంలో వేసి పొయ్యి ఎక్కించాను.

"నీ వేలు మంచిదే" అన్నారు మెల్లగా. "అబద్ధమాడను. కాని వేలు ఒకరిదీ పేరు ఒకరిదీ అయితే అది వైద్యం కాదు. ఏదో ఒక రోజు ఎవరికో ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు జైలుకి ఎవరు పోతారు, నువ్వా, అత్తయ్యా?"

అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆయన చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశారు. "ఏటేటా పంపే లైసెన్సు కాగితం. అత్తయ్యకు చెప్పాను. సాయంత్రంలోగా ముద్ర వేయించి ఉంచు, రేపు పొద్దుటి పడవకు పంపాలి. ముద్ర ఎప్పుడూ నువ్వే కదా వేసేది."

నేనే. గురువమ్మ కాగితం తడిమి చూసి, ఎక్కడ వేయాలో నన్ను అడిగి, నా మణికట్టు పట్టుకుంటారు. నేను నొక్కుతాను. నొక్కినట్టు ఆమెకు నా మణికట్టులో తెలుస్తుంది.

ఆయన రేవుకేసి వెళ్ళాక కాగితం విప్పాను. మా ఊరి బడిలో ఎనిమిదేళ్ళ పాటు నాకు వచ్చిందల్లా చదవడం ఒక్కటే. అది ఆఫీసు వాళ్ళు వాడే దళసరి కాగితం, అట్టలా గట్టిగా ఉంది. లైసెన్సు మాట అందులో ఎక్కడా లేదు. 'పై హిసానో వేళ్ళలో స్పర్శ పూర్తిగా పోయినందున వైద్యం మానుకొని, ఇంటినీ, చికిత్స గదినీ, బోర్డునూ మేనల్లుడు మోరిహికోకు అప్పగించి, నగరంలోని అంధుల వృద్ధాశ్రమంలో చేరుటకు సమ్మతించుచున్నది' అని ఉంది. కింద ముద్రకు చిన్న వృత్తం గీసి ఉంది. పైన తేదీ చూశాను.

జనవరి ఇరవై.

ఇవాళ ఫిబ్రవరి పదకొండు. అంటే ఆయనకు తెలిసింది ఈ పొద్దున కాదు. మూడు వారాల ముందే తెలుసు. అగ్గిపుల్ల ఆగింది ఆశ్చర్యంతో కాదు. నాకూ తెలుసో లేదో చూసుకోవడానికి ఆగింది. ఆ పరీక్ష ఆమె వేళ్ళకు పెట్టింది కాదు. వాటి బదులు పనిచేస్తున్న వేలును ఇంట్లోంచి పంపేయడానికి పెట్టింది.

అన్నం మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

"మాడబెట్టావు" అన్నారు గురువమ్మ, కంచం ముందు కూర్చుని.

"పైది తీసి పెట్టాను."

"ఊఁ." రెండు ముద్దలు తిన్నారు. ఎండ చాప మీద పడి ఉంది. ఎదురింటి షెడ్డులో చిప్పలు గుట్ట మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "కినుయే, ఎప్పటినుంచి తెలుసు నీకు?"

నా చేతిలోని గిన్నె కింద పెట్టాను.

"పోయిన ఏడాది నవంబరు నుంచి."

"నాకు అంతకుముందు ఏడాదినుంచి తెలుసు." ఆమె నవ్వారు. "ఒకరోజు బియ్యం కడుగుతున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయని మోచేతికి తెలిసింది. గింజలు మాత్రం తెలియలేదు. ఎవరో గిన్నెలోంచి బియ్యం తీసేసి ఉత్త నీళ్ళు పెట్టారనుకున్నాను."

నేను ఆమె గ్లాసు నింపి పక్కన పెట్టాను.

"ఆ తర్వాత ఆరుగురు పిల్లలొచ్చారు శిష్యరికానికి. అయిదుగురిని పంపేశాను. నిన్ను ఎందుకు ఉంచుకున్నానో తెలుసా?"

నా వేలు మంచిదని అంటారనుకున్నాను. మోరిహికో గారే అన్నారు కదా.

"నువ్వు మాట్లాడవు" అన్నారు గురువమ్మ. "అయిదుగురిలో ఇద్దరికి నీకంటే మంచి వేళ్ళు. కాని నోరుంది. మొదటి నెలలోనే నీకు వెంట్రుక పాఠం ఎందుకు చెప్పాననుకున్నావు? అది మూడో ఏట చెప్పేది. నాకు తొందర."

"అయితే పొద్దున..." అన్నాను.

"తప్పు నీ మీద వేసుకుంటావని తెలుసు. వేసుకోకపోతే నా గతేంటి?" చాప మీద తడుముతూ నీళ్ళగ్లాసు వెతుక్కున్నారు. చెయ్యి దాని పక్కనుంచి రెండుసార్లు పోయింది. నేను అందించలేదు. మూడోసారికి దొరికింది. "బడికెళితే నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ నేను ఎవరి వేళ్ళతో బతకాలి? ఇక్కడే ఉండు. చుక్కలు నువ్వే పెట్టు, ఎవరికీ తెలియనివ్వకు. వీళ్ళు నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారు. నేను పోయాక ఈ గది నీదే."

ఈ గది అప్పటికే ఎవరిదో రాసిన కాగితం నా నడికట్టులో మడిచి ఉంది. దాని పక్కనే నా దరఖాస్తు కూడా. ఒక్కమాట చెబితే చాలు. అత్తయ్యా అని పిలిచే మనిషి ఏం రాశాడో చదివి వినిపిస్తే చాలు. ఆమె ఆ కాగితాన్ని చింపి కుంపట్లో వేస్తారు. నేను మాత్రం చుక్కలు పెడుతూ ఇక్కడే ఉంటాను, ఆమె వేలుగా, నోరు లేని వేలుగా. చెప్పకుండా ముద్ర వేస్తే ఆమె వృద్ధాశ్రమానికి, నేను ముల్లంగి చేలకు.

మూడో దారి ఒకటి ఉందని అప్పటిదాకా తోచలేదు నాకు.

"ఇంతకీ వాడు లైసెన్సు కాగితం నీకిస్తానన్నాడు. తే, ఇప్పుడే వేసేద్దాం" అన్నారు గురువమ్మ. "ముద్ర పెట్టె ఏది?"

పొద్దున ఆయన వాడిన చోటే ఉంది. మూత పెట్టలేదు. ఎర్రముద్ద మీద అగ్గిపుల్ల గుచ్చిన గుంట అలాగే ఉంది. పెట్టె తెచ్చాను. నడికట్టులో చెయ్యి పెట్టాను. రెండు కాగితాలూ వేళ్ళకు తగిలాయి. ఏది ఏదో చూడకుండానే తెలిసింది. ఆమె నేర్పిన వేళ్ళు కదా.

ఒకటి తీసి ఆమె ముందు చాప మీద పరిచాను. ముద్రను ఎర్రముద్దలో ఒత్తి పట్టుకున్నాను. ఆమె ఎడమచేయి నా మణికట్టును వెతికి పట్టుకుంది. కుడిచేతి చూపుడువేలు కాగితం మీద పై అంచునుంచి కింది అంచు దాకా, ఆ పాత నడకతోనే, తొందర లేకుండా నడిచింది. చివర ఆగింది.

"ఆఁ, ఇదే. ఆఫీసు కాగితం. అట్టలా ఉంది" అన్నారు. "నొక్కు."

చాప మీద ఉన్న నా దరఖాస్తు ఉల్లిపొరంత పలచగా ఉంది.